మంచం వీధిలో వేసిన రోజులే నయం

మా అపార్ట్‌మెంట్‌లో ఎవరింట్లోనూ నల్లుల్లేవండీ. అడిగి చూడండి, ఉన్నాయని ఒక్కరు ఒప్పుకుంటే ఒట్టు! రెండో అంతస్తు పిన్నిగారికి 'వేడి చేసింది', అందుకని చేతుల నిండా దద్దుర్లు. పైనున్న కుర్రాడికి 'దుమ్ము పడదు'. ఎదురింటి వదినగారికేమో 'దోమలు'. మరి ఆదివారం పొద్దున్నే ఒకరి కంట ఒకరు పడకుండా పరుపులు మోసుకుంటూ మేడెక్కడం దేనికో ఆ దేవుడికే తెలియాలి.

దేవుళ్ళ సంగతీ చెప్పుకుందాం. శివుడు కొండ మీదకి చేరినా, విష్ణువు పాము మీద పడుకున్నా, సూర్యచంద్రులు ఆకాశం దిగి రాకపోయినా, అదంతా నల్లుల బాధ పడలేకేనని పాతకాలం కవులు చాటువులు చెప్పుకుని నవ్వుకున్నారు. అంతటివాళ్ళకి అంటగట్టిన బాధని మనం ఒప్పుకోవడానికి నామోషీ ఏంటో నాకర్థం కాదు.

నల్లులంటే మురికి కొంపల్లో ఉంటాయని మన నమ్మకం. అక్కడొచ్చింది చిక్కంతా. మీరు గచ్చు రోజూ కడుగుతున్నారా, వారానికోసారా అన్నది నల్లికి అనవసరం. ఒలికిన పంచదార, రాలిన మెతుకులు చీమలకీ బొద్దింకలకీ కావాలి. నల్లికి కావలసింది నెత్తురొక్కటే. ఇల్లంతా సామాను కుక్కేస్తే అది దాక్కోవడానికి చోట్లు పెరుగుతాయి, నిజమే. అంతమాత్రాన శుభ్రంగా ఉన్న ఇంటి జోలికి రాదనుకోకండి. 2023లో పారిస్‌లో ఎంత గోల జరిగిందో గుర్తుందా? సినిమా హాళ్ళలో నల్లులు, రైళ్ళలో నల్లులు అంటూ ఒకటే వార్తలు. మరుసటేడు ఒలింపిక్స్ పెట్టుకుని ఇదేం ఖర్మరా అని అక్కడి మంత్రులే తలలు పట్టుకున్నారు. 2023లోనే దక్షిణ కొరియాలోనూ ఇదే రగడ. సెంటు నగరానికి లేని మినహాయింపు మన కూకట్‌పల్లికి ఎక్కణ్ణుంచి వస్తుంది చెప్పండి?

మొన్న వదినగారితో అన్నాను, "ఒక్కసారి పరుపు అంచు కుట్టు విడదీసి చూడండి" అని.

"ఛీ ఛీ, మా ఇంట్లోనా!"

"చూస్తే పోయేదేముంది వదినగారూ?"

చూస్తే ఏం కనిపిస్తాయంటే, పెన్నుతో చుక్కలు పెట్టినట్టు నల్లటి మచ్చలు. నల్లి తాగిన నెత్తురే, అరిగి బయటికొచ్చింది. వాటి పక్కనే విడిచేసిన పొట్టు. నల్లి పెద్దదవ్వాలంటే ఐదుసార్లు పొట్టు విడవాలి, ప్రతిసారీ ముందు కడుపు నిండా నెత్తురు తాగాలి. పెద్ద నల్లి నాలుగైదు మిల్లీమీటర్లు ఉంటుంది, కంటికి బాగానే ఆనుతుంది. అప్పుడే పుట్టిన పిల్ల ఒకటిన్నర మిల్లీమీటరు కూడా ఉండదు, పాలిపోయిన రంగు, తెల్ల దుప్పటి మీద దాన్ని పట్టుకోవడం మా కళ్ళజోడు వాళ్ళ వల్ల కాదు.

దద్దుర్ల లెక్క నమ్ముకోకండి. నల్లి కుట్టినా కొందరి ఒంటి మీద ఏమీ తేలదు. ఒకే మంచం మీద పడుకున్న మొగుడూ పెళ్ళాల్లో ఆవిడ రాత్రంతా గోక్కుంటుంటే ఆయన, "నన్నేం కుట్టలేదే, నీదంతా భ్రమ" అంటాడు. భ్రమా లేదు బ్రహ్మా లేదు. ఆయన నెత్తురూ తాగే ఉంటుంది, ఆయనకి తెలియలేదంతే. ఒక్క ఊరట ఏంటంటే, దోమల్లా నల్లులు జబ్బులు మోసుకొస్తాయని ఇంతవరకూ రుజువు కాలేదు. పోయేది నిద్రా, మనశ్శాంతీ.

ఇంతకీ ఇవి ఇంట్లోకి ఎలా వస్తాయి? ఎగరలేవు, దూకలేవు. మనమే మోసుకొస్తాం. పంచతంత్రంలో రాజుగారి పాన్పులో కాపురమున్న పేను దగ్గరికి నల్లి చుట్టంగా రాలేదూ? రాజుగారు నిద్రపోకముందే కుట్టి, తను సందులో దూరి తప్పించుకుంది. పాపం, దొరికిపోయింది పేను. ఇప్పటికీ అది చుట్టరికంగానే వస్తుంది. మన చిన్నతనంలో అయితే సినిమా హాలు. నేల టికెట్టు వాళ్ళు హాయిగా ఇసకలో కూర్చుని చూసి వెళ్ళేవాళ్ళు. ఎక్కువ డబ్బులు పోసి కుర్చీ టికెట్టు కొన్న పెద్దమనుషులే ఇంటర్వెల్ దాకా ఒకపక్కకి, తర్వాత ఇంకోపక్కకి ఒరిగి కూర్చునేవాళ్ళు. ఇప్పుడైతే అమీర్‌పేట హాస్టళ్ళు. ఒక బ్యాచ్ కోర్సు పూర్తిచేసి పోతుంది, ఇంకో బ్యాచ్ దిగుతుంది, మంచాలూ పరుపులూ అవే. పండక్కి అబ్బాయి ఇంటికొస్తూ బ్యాగు తెచ్చి తిన్నగా మంచం మీద పడేస్తాడు. ఇంకేముంది! ఆపైన సెకండ్ హ్యాండ్ సోఫాలు, లాడ్జి గదులు, రైలు బెర్తులు. విడిచిన బట్టలకి అంటుకున్న మనిషి వాసన నల్లుల్ని లాగుతుందని 2017లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు తేల్చారు. అందుకే ఊరెళ్ళినప్పుడు మాసిన బట్టల్ని కుర్చీ మీద కుప్పెయ్యకుండా కవర్లో మూతి కట్టి పెట్టుకోండి.

సరే, వచ్చాయి. ఏం చెయ్యాలి?

మా అమ్మమ్మ వాళ్ళ కాలంలో ఏం చేసేవాళ్ళో చెబుతాను, అందులోనే సగం జవాబుంది. ఎండాకాలం రాగానే మంచాలు వీధిలోకి వచ్చేవి. నులక విప్పేవాళ్ళు, పట్టెలూ కోళ్ళూ ఊడదీసేవాళ్ళు, సందుల్లో సలసల కాగే నీళ్ళు పోసేవాళ్ళు. నవారు మంచాన్ని నేలకేసి కొడితే జలజలా రాలేవి. చెప్పులేసుకుని తొక్కే పని పిల్లలది. ఆ చప్పుడికి పక్కింటావిడ బయటికొచ్చి, "మీకూ పట్టాయా? ఉండండి, మావీ తెస్తాను" అనేది. చూస్తుండగానే వీధి పొడుగునా మంచాలే. ఇందులో దాపరికం ఏముంది? నల్లులు ఊరందరివీ, ఎండ ఊరందరిదీ.

ఆ తర్వాత డీడీటీ వచ్చింది. అది పురుగుల్ని చంపుతుందని కనిపెట్టిన స్విట్జర్లాండ్ పెద్దమనిషి పాల్ ముల్లర్‌కి 1948లో నోబెల్ ఇచ్చారు. విచిత్రం చూడండి, అంతకు ఏడాది ముందే, 1947లో, హవాయిలో డీడీటీకి చావని నల్లులు తేలాయి. మన దేశంలో 1953 నుంచి మలేరియా వాళ్ళు ఊరూరా తిరిగి గోడలకి డీడీటీ కొట్టి, తలుపు పక్కన తేదీ వేసి వెళ్ళేవాళ్ళు. వాళ్ళ గురి దోమ మీద. మొదట్లో నల్లులూ చచ్చాయి. రానురాను చావనివి మిగిలాయి, వాటి పిల్లలే పెరిగాయి. ఇప్పుడు బజార్లో దొరికే స్ప్రేల్లో ఎక్కువ భాగం పైరెత్రాయిడ్ జాతి మందులు. వాటికీ అదే గతి పట్టింది. కొన్ని నల్లులకి తోలే దళసరెక్కి మందు లోపలికి దిగదట. మనం స్ప్రే కొట్టేసి చేతులు దులుపుకుంటే, చచ్చేవి చచ్చి మిగతావి పక్క గదికి సర్దుకుంటాయి. మూత తీసి గదిలో పెడితే పొగ చిమ్మే డబ్బాల సంగతీ అంతే. అమెరికాలో ఒహాయో వాళ్ళు 2012లో పరీక్ష పెట్టి చూశారు. సందుల్లో దూరి కూర్చున్న నల్లిని ఆ పొగ తాకనే లేదు.

కాబట్టి మళ్ళీ అమ్మమ్మ దారే. వేడి, ఓపిక. నల్లి ఎన్ని మందులకి అలవాటు పడినా వేడికి మాత్రం తట్టుకోలేదు. అయితే ఎంత వేడి అన్నది తెలియాలి. 45 డిగ్రీల దగ్గర పెద్ద నల్లి గంటన్నరలో చస్తుంది కానీ గుడ్డు ఏడు గంటలైనా బతికుంటుంది. 48 దగ్గర గుడ్డుకి గంటంపావు పడుతుంది. 55 దాటితే గుడ్డూ పెద్దదీ అన్నీ సరి. అంటే రెంటచింతల ఎండలో పరుపు వేసినా సగం పనే అవుతుంది. పైభాగం కాలిపోతుంటుంది, నల్లులు చల్లగా ఉన్న అడుగుకి చేరి కూర్చుంటాయి. బట్టలూ దుప్పట్లూ అయితే నల్ల పాలిథిన్ కవర్లో వదులుగా నింపి, మూతి కట్టి, మేడ మీద మిట్టమధ్యాహ్నం పెట్టండి, మధ్యమధ్యలో తిప్పండి. వాషింగ్ మెషీన్ ఉంటే 60 డిగ్రీల నీళ్ళలో ఉతకండి. తడపకూడని వాటిని డ్రైయర్లో వేడి మీద అరగంట తిప్పండి. పరుపు కుట్లకీ సోఫా మడతలకీ ఆవిరి పట్టే మెషీన్ బాగా పనిచేస్తుంది. నెమ్మదిగా, ఒక్కో అంగుళం జరుపుతూ పట్టాలి. హడావుడిగా తిప్పేస్తే తడి తప్ప మిగిలేదేం ఉండదు.

అసలు కోట మంచం. ఇప్పటి ప్లైవుడ్ డబుల్ కాట్లకి కింద అరలు, వెనక పలక, స్క్రూలకి బొక్కలు. నల్లికి ఇంతకన్నా మంచి కాలనీ ఎవరు కట్టిస్తారు? ఓపిక పట్టి అన్నీ ఊడదీయండి. స్క్రూ బొక్కల్లోకి టార్చి వేసి చూడండి. వాక్యూమ్ క్లీనర్‌తో లాగి, ఆ సంచిని వెంటనే మూతి కట్టి బయట పారెయ్యండి. తల దగ్గర గోడకున్న క్యాలెండరు, దేవుడి పటం, కర్టెన్ మడత, స్విచ్‌బోర్డు అంచు, ఇవన్నీ దాని చుట్టాల ఇళ్ళే. స్విచ్‌బోర్డు జోలికి మీరు వెళ్ళకండి, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. గోడ పగుళ్ళు పుట్టీతో పూడ్చండి. మంచాన్ని గోడకి ఆనకుండా జరపండి, దుప్పటి నేలకి వేలాడనివ్వకండి. పరుపుకి జిప్పు ఉన్న నిండు కవరు తొడిగితే లోపలున్నవి అక్కడే మాడి చస్తాయి. తొందరపడి మాత్రం విప్పకండి, తిండి లేకుండా నెలల తరబడి ఉండగల ఘటాలవి.

మంచం కోళ్ళ కింద గిన్నెలు పెట్టడం మనకి పాత అలవాటే. ఇప్పుడు అలాంటివే నున్నటి ప్లాస్టిక్ గిన్నెలు అమ్ముతున్నారు, నల్లి అందులో పడితే ఎక్కలేదని. చల్లటి దేశాల నల్లి నిజంగానే ఎక్కలేదు. మన వేడి దేశాల్లో ఎక్కువగా ఉండేది దాని దాయాది, వేరే జాతి. దాని కాళ్ళకి సన్నటి వెంట్రుకలు ఎక్కువ, నున్నటి గోడ కూడా పాకి బయటికొస్తుంది. కొనేటప్పుడు ఆ సంగతి గుర్తుంచుకోండి.

ఈ పనంతా ఒక్కసారి చేసి 'అమ్మయ్య' అనుకుంటే కుదరదండోయ్. ఆడనల్లి రోజుకి ఒకటి నుంచి ఐదు గుడ్ల దాకా పెట్టి చెక్కకి అతికిస్తుంది. చాలా మందులు గుడ్డుని ఏమీ చెయ్యలేవు. వారం పది రోజుల్లో అవి పొదుగుతాయి. అందుకే రెండు వారాలకి మళ్ళీ అదే పని, ఇంకో రెండు వారాలకి ఇంకోసారి. పెస్ట్ కంట్రోల్ వాళ్ళని పిలిచినా ముందు అడగాల్సింది రేటు కాదు, "ఎన్నిసార్లు వస్తారు?" అని. ఒక్కసారి కొట్టి ఏడాది గ్యారంటీ అనేవాళ్ళకి నమస్కారం పెట్టి పంపెయ్యండి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను. బియ్యానికీ గోధుమలకీ పురుగు పట్టకుండా పెట్టే బిళ్ళలుంటాయే, అల్యూమినియం ఫాస్ఫైడ్, వాటిని నల్లుల కోసం పడగ్గదిలో పెట్టడం ప్రాణాలతో చెలగాటం. గాల్లో తడి తగిలితే చాలు, ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. అది తలుపు సందుల్లోంచి పక్క ఫ్లాట్లోకీ పోతుంది. దానికి విరుగుడు మందు లేదు. మన దేశంలో ఇలా పసిపిల్లలతో సహా పోయినవాళ్ళున్నారు. పొలం మందులూ అంతే, పొలం దగ్గరే ఉండాలి. కిరసనాయిలు పోస్తే నల్లి చస్తుందో లేదో కానీ, మంచానికి నిప్పంటుకోవడానికి ఒక్క అగరొత్తి చాలు.

రాత్రిళ్ళు నల్లులు కుడుతున్నాయని పడగ్గది వదిలేసి హాల్లో పడుకోకండి. మనిషి ఊపిరినీ ఒంటి వేడినీ పట్టుకుని హాల్లోకీ వస్తాయి. పరుపు తీసుకెళ్ళి చెత్తకుండీ దగ్గర పారేస్తే ఇంకొకరెవరో 'బాగానే ఉందే' అని ఇంటికి పట్టుకెళ్తారు. తప్పక పారెయ్యాల్సి వస్తే కవర్లో చుట్టి, కోసేసి, 'నల్లులున్నాయి' అని పెద్దక్షరాలతో రాసి పడెయ్యండి.

ఇంత చెప్పినా అసలు మందు ఇంకొకటుంది. అపార్ట్‌మెంట్‌లో గోడ మీదే, పైపు నాదే అనుకుంటే నవ్వొస్తుంది. ఆ పైపు పక్క సందులోంచే మీ నల్లి మా ఇంటికీ మా నల్లి మీ ఇంటికీ తిరుగుతాయి. ఒక ఇంట్లో చంపి పక్కింట్లో వదిలేస్తే నెల తిరక్కుండా మళ్ళీ వస్తాయి. అందుకే అన్ని ఇళ్ళూ ఒకే వారంలో చెయ్యాలి. నీళ్ళ ట్యాంకర్ గురించీ, పార్కింగ్ గురించీ వాట్సాప్ గ్రూపులో అంతలేసి మెసేజీలు పెడతాం కదా, 'మా ఇంట్లో నల్లులున్నాయి, మీ ఇళ్ళూ చూసుకోండి' అని ఒక్క మెసేజీ పెట్టడానికి వేళ్ళు రావేం? పెట్టి చూడండి. గంటలో పదిమంది 'మాకూ, మాకూ' అంటారు. మందు కొట్టేవాళ్ళు కూడా పది ఇళ్ళంటే రేటు తగ్గిస్తారు.

ఇవాళ్టికి ఇదండీ ముచ్చట. లేచి పరుపు కుట్లు ఒక్కసారి చూసుకోండి. ఏమైనా కనిపిస్తే ముందు పక్కింటి తలుపు కొట్టండి, మందు కొట్టేవాళ్ళకి తర్వాత ఫోన్ చేద్దురుగాని.