ఇన్సులిన్ ఒక్కటియే చాలునా?

మందిచ్చుట ప్రభుత్వధర్మమైనచో, దానికి కొలత యిచ్చుటయు ధర్మమే. దేశమున మధుమేహులు 10 కోట్లకు మించియున్నారని భారత వైద్య పరిశోధనా మండలి వారి యధ్యయనము 2023లో తేల్చినది. వీరిలో మొదటి రకపు వ్యాధిగల బిడ్డలకు ఇన్సులిన్ లేనిదే ప్రాణము నిలువదు. అది మోతాదు మించెనా, నిద్రలోనే చక్కెర పడిపోయి స్పృహ తప్పును, తక్కువైనను ప్రాణాపాయమే. కావున మూడుపూటల భోజనమునకును, నిద్రకును ముందు రక్తము పరీక్షించుకొనవలెను. అనగా దినమునకు 4 స్ట్రిప్పులు, నెలకు 120. వాడినది మరల పనికిరాదు. 50 స్ట్రిప్పుల డబ్బా పండ్రెండు దినములకే నిండుకొనును.

2025 సెప్టెంబరులో వీనిపై జీఎస్టీని 12 నుండి 5 శాతమునకు తగ్గించిరి. సంతోషమే. కాని బొత్తిగా కొనలేనివారికి దీనివలన నేమి యూరట? ములుగు పల్లెలనుండి కూలి మానుకొని వరంగల్లు ఎం.జి.ఎం. ఆసుపత్రికి బిడ్డను తెచ్చు తల్లికి, నెలకొకనాటి పరీక్ష తక్కిన ఇరువదితొమ్మిది రాత్రుల సంగతి చెప్పగలదా?

ఇంగ్లండులో ఇన్సులిన్ వాడువారికి వైద్యుని చీటీపై స్ట్రిప్పులు ఉచితముగా లభించుచున్నవి. ప్రజారోగ్యాభివృద్ధి ప్రభుత్వపు ప్రథమ కర్తవ్యములలో నొకటియని మన రాజ్యాంగపు 47వ అధికరణము చెప్పుచున్నది. ఇన్సులిన్ వ్రాయు చీటీలోనే దినమునకెన్ని స్ట్రిప్పులు కావలెనో వైద్యుడు వ్రాయవలెను. ప్రభుత్వాసుపత్రులు ఆ రెంటిని కలిపియే ఈయవలెను. రాష్ట్రమంతటికిని ఒక్కమారుగా టోకున కొన్నచో వ్యయము తగ్గును. మన శాసనసభ్యులు రానున్న బడ్జెటు సమావేశమున ఈ ప్రశ్న నడుగుదురు గాక!