కొలత ఒక్కటే చాలునా?

మన కోయంబత్తూరు యంత్రముల ఊరు. 1937లో జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు గార్లు విద్యుత్ మోటారు తయారుచేసిన పట్టణమిది. నేటికిని పంపులు, మోటార్లు, మిల్లు యంత్రములే మనవారిలో ననేక కుటుంబములకు జీవనాధారము. అట్టి ఊరిలో బేరింగును కొలత మాత్రము చూచి అమ్ముట, కొనుట మాకు విచారకరముగా తోచుచున్నది. మేమును వర్తకులమే గనుక చెప్పుచున్నాము.

6205 అను సాధారణ బేరింగునకును, 7205 అను కోణస్పర్శ బేరింగునకును కొలతలు సమానము. రంధ్రము 25 మిల్లీమీటర్లు, వెలుపలి వ్యాసము 52, మందము 15. ఇరుసుపై రెండును చక్కగా కూర్చొనును. పని మాత్రము వేరు. మొదటిది ముఖ్యముగా ఇరుసు బరువును మోయును. ప్రక్కత్రోపును కొంతవరకే సహించును. రెండవదానిలో గుండ్లు వలయములను వాలుగా తాకుటచే బరువుతోపాటు ప్రక్కత్రోపును గూడ గట్టిగా నోర్చును. అదియు ఒక దిక్కుననే. త్రిప్పి బిగించినచో త్వరలో చెడును. అందుచేతనే పలుచోట్ల జంటగా అమర్చుదురు. పంపు తిరుగునపుడు నీటి ఒత్తిడి ఇరుసును ఒక వైపునకు లాగును గదా! అచ్చట 7205 తీసి 6205 పెట్టినను మొదట చప్పుడు లేకయే నడచును. రైతు సంతోషించును. చెడుట నడి వేసవిలో, బావిలో నీరుండియు పైరున కందని వేళ.

“సీలున్నది కావున మేలైనది” అను మాట మరియొకటి. ధూళి, పిండి, తడి గలచోట రెండు ప్రక్కల సీలున్న బేరింగు మేలైనదే. గ్రీజు లోపలనే నింపియుండును. కాని సీలు రాపిడివలన వేడి పుట్టును గనుక మిక్కిలి వేగముగా తిరుగు ఇరుసులకు తగదు. క్రొత్తదానిని కిరసనాయిలుతో కడిగి, నూనెలో కాచి ఎక్కించు పనివారును గలరు! సీలు బేరింగును 80 డిగ్రీలు మించి వేడిచేయరాదు, కడుగనే కూడదు.

“కొనువాడు చౌక యడిగిన మేమేమి చేయుదుము?” అను వర్తక మిత్రులకు మా జవాబు: చౌకదే ఇండు, తేడా చెప్పి ఇండు. బిల్లులో “బేరింగు ఒకటి” అని గాక పూర్తి సంఖ్యను, చివరి అక్షరములతో సహా వ్రాయుడు. ఒక్క అక్షరముతో కోణము మారును, సీలు ఉన్నదో లేదో తెలియును. ఇంట తెలుగు, బడిలో తమిళము నేర్చి పనిలో చేరిన మన పిల్లలకు ఈ గుర్తులను విప్పిచెప్పు తెలుగు పట్టిక నొకదానిని మన సంఘము అచ్చొత్తించి ప్రతి వర్కుషాపు గోడకు అంటించవలెను. కాగితము ఖర్చు వర్తకులమే భరింతుము.