పచ్చి కోడికి లేని అంటు

మొన్నామధ్య విజయవాడలో విద్యార్థుల సభకి పోతే ఒక తమ్ముడు అడిగాడు. "అక్కా, ఈ పుస్తకానికి నువ్వేం రాస్తున్నావు?" కోడికూర గురించి రాస్తున్నానన్నాను. నవ్వాడు. "కారంచేడు గురించో చుండూరు గురించో రాయాల్సినదానివి, వంటలు రాస్తావా?" అన్నాడు.

ఆ పిల్లాణ్ణి తప్పు పట్టను. మన కుర్రోళ్లకి పోరాటమంటే వీధిలో జరిగేదే. కానీ 1985 జులైలో కారంచేడు గొడవ మొదలైంది ఎక్కడ? తాగేనీళ్ల చెరువు కాడ. మనం తాగే నీళ్లలో గేదెల కుడితి కలపొద్దన్నందుకు. నోట్లోకి పోయేదాని కాడే కులం కాపలా కూర్చుని ఉంటది. అందుకే నేను కోడికూర గురించే రాస్తా. అందులోనూ కోడి కాలు గురించి, ఎముకతో ఉన్న తొడ గురించి రాస్తా. వంట కూడా చెప్తా. వినే ఓపిక లేనోళ్లు పేజీ తిప్పుకోవచ్చు.

మాది తిరువూరు పక్క పల్లె. అప్పుడు కృష్ణా జిల్లా, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. కృష్ణా జిల్లా అనగానే అందరికీ కాలవలూ వరి మళ్లూ గుర్తొస్తాయి. మాది ఆ కృష్ణా కాదు. మెట్ట. మామిడి తోటలు, మిరప, పత్తి, అవతలంతా ఖమ్మం సరిహద్దు. మా అయ్య ఒక ఆసామి దగ్గర పాలేరు. మా అమ్మ అదే ఇంట్లో పేడ తీసేది, దొడ్డి ఊడ్చేది. గొడ్లచావిడి దాకా అమ్మ రాజ్యం. వసారా మెట్టు ఎక్కకూడదు.

ఆ ఇంటికి అల్లుడు దిగితే కోడి తెగేది. కోడిని తరిమి పట్టేది మా అమ్మ. ఈకలు పీకేది మా అమ్మ. పసుపు రాసి గడ్డి మంట మీద తిప్పి తిప్పి కాల్చేది, కత్తిపీట ముందేసుకుని ముక్కలు కొట్టేది, కడిగేది. అంతా అయ్యాక తపేలా మెట్టు మీద పెట్టి నాలుగడుగులు వెనక్కి జరిగేది. అమ్మగారు వచ్చి తపేలా మీద నాలుగు చుక్కల నీళ్లు చిలకరించి లోపలికి తీసుకుపోయేది.

నాకప్పుడు తొమ్మిదో పదో ఏళ్లు. అమ్మ వెనకాలే తిరిగేదాన్ని. అప్పటి నుంచీ ఒక ప్రశ్న నా గొంతులో ఎముకలాగా ఇరుక్కుని ఉంది. ఆ కోడి గుండెకాయ దాకా తడిమిన చెయ్యి మా అమ్మది. మరి పచ్చి కోడికి లేని అంటు ఉడికిన కోడికి ఎట్టా వచ్చింది? నిప్పు అన్నిటినీ శుద్ధి చేస్తదని చెప్పేది వాళ్లే గదా! మా దగ్గరికొచ్చేసరికి శాస్త్రం తిరగబడుద్ది. నిప్పు తగలనంతసేపూ మా చెయ్యి పనికొస్తది, నిప్పు తగిలాక మైల. చాకిరీ ఉన్నంతవరకూ అంటు లేదు. రుచి మొదలయ్యే చోట అంటు మొదలవుద్ది.

కూలి కింద మాకిచ్చేది తల, కాళ్ల కింది గోళ్లు, పేగులు, రెక్కల కొసలు. అమ్మగారి మనసు బాగుంటే మెడ. మా అమ్మ వాటితో ఏం చేసేదో చెప్తా. పేగుల్ని చీల్చి, ఉప్పేసి రుద్ది, వేణ్ణీళ్లలో కడిగి కడిగి వాసన లేకుండా చేసేది. గోళ్లని నిప్పుల మీద కాల్చి పైపొర వలిచేది. దాకలో వేసి ఉప్పూ పసుపూ పట్టించి, మూత పెట్టి, మూత మీద నీళ్లు పోసేది. కింద సన్న సెగ. నూనె చెంచాడు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు. ధనియాలు, వెల్లుల్లి రోట్లో నూరేది. కారం మిరప కల్లంలో ఏరి తెచ్చుకున్న తాలుకాయలది. ఎర్రకాయలు గుంటూరు యార్డుకి పోయేవి, తెల్లబోయిన తాలుకాయలు మాకు మిగిలేవి. వాటికి రంగుండదు గానీ ఘాటుండేది. ఒక పూట చల్లారితే ఆ పులుసు గడ్డకట్టి వణికేది. జొన్నన్నం మీద పోసుకుంటే వేళ్లు ఒకదానికొకటి అతుక్కునేవి.

ఇవాళ చదువుకున్నోళ్లు దీనికి పేర్లు చెప్తారు. కండని ఎముకకి పట్టి ఉంచే బిగువు నరాల్లో కొలాజెన్ ఉంటదట, సన్న సెగ మీద అది కరిగి జెలటిన్ అవుద్దట, రుచి అందులో ఉందట. నిజమే. మా అమ్మకి ఆ మాటలు తెలియవు, ఆ పని తెలుసు. మాంసం లేనోళ్లే ఎముకలో రుచి కనిపెట్టారు. మాంసం తిన్నోళ్లకి ఆ అవసరం ఏముంది?

ఒకరోజు, అది సంక్రాంతి తర్వాత, అల్లుడొచ్చాడు. రెండు కోళ్లు కోశారు. అమ్మ తపేలా మెట్టు మీద పెట్టి మా వాటా ఆకులో చుట్టుకుని బయల్దేరబోతే లోపల్నించి కేక. "ఒసే, ఆగు. నాలుగు కాళ్లుండాలి గదా, మూడే ఉన్నయ్యేందే?"

కాళ్లు లెక్కపెట్టుకుంటారని నాకు అప్పుడే తెలిసింది. అమ్మ "నాకేం తెల్సండీ అమ్మగోరూ, అన్నీ వేశానండీ" అంది. ఆకు విప్పమన్నారు. విప్పింది. కొంగు దులపమన్నారు. దులిపింది. కుచ్చిళ్లు దులపమన్నారు. అల్లుడు వసారాలో మంచం మీద కూర్చుని చూస్తన్నాడు. మా అయ్య చావిట్లో ఎద్దుకి మేతేస్తా తల తిప్పుకున్నాడు. అమ్మ కుచ్చిళ్లు కూడా దులిపింది. తర్వాత నా గౌను దులిపారు.

కాలు పెరటి పొయ్యిలో దొరికింది. వాళ్ల చిన్న పిల్లాడే నిప్పుల్లో పెట్టి కాల్చుకుంటన్నాడు. అందరూ నవ్వారు. "దొంగ వెధవ" అని వాణ్ణి ముద్దుపెట్టుకున్నారు. అదే మాట పావుగంట ముందు మా అమ్మకి తగిలినప్పుడు అందులో ముద్దు లేదు. సాయంత్రం ఉడికిన కూరలోంచి నాలుగు గరిటెల పులుసు ఎత్తు మీద నుంచి మా గిన్నెలో పోశారు. అదే వాళ్ల క్షమాపణ కాబోలు.

అమ్మ ఆ గిన్నె పట్టుకుని డొంక దాకా నడిచింది. అక్కడ తుమ్మచెట్టు మొదట్లో ఒంపేసింది. నేనేం చేశానో రాయాలి గదా, రాస్తా. ఏడ్చాను. అవమానానికి కాదు. ఆ పులుసు కోసం. లవంగం, దాల్చినచెక్క, గసగసాలు వేసిన పులుసు వాసన అంత దగ్గరగా నాకు అదే మొదలు. అమ్మ నన్ను కొట్టింది. ఆ దెబ్బ ఎందుకో తెలియడానికి నాకు పదేళ్లు పట్టింది. హాస్టల్లో చదివేటప్పుడు, 1927లో మహద్‌లో అంబేద్కర్ చచ్చిన గొడ్డు మాంసం మానండి, విసిరేసిన ఎంగిలి ముట్టకండి అన్నాడని చదివాను. మా అమ్మకి మహద్ తెలియదు. తుమ్మచెట్టు తెలుసు.

కాబట్టి గోళ్ల పులుసు గొప్పదని రాస్తన్నానని, పేగుల కూర మన సంస్కృతి అని జెండా ఎగరేస్తన్నానని ఎవరూ అనుకోవద్దు. ఆ వంటలో నేర్పు మాది. ఆ వాటా మాది కాదు, మా నెత్తిన రుద్దింది. ఈ రెండిటినీ విడదీసి చూడాలి. విడదీయకుండా పొగిడేవాళ్లంటే నాకు భయం.

ఆ ఏడు అమ్మ ఒక పెట్టని పెంచింది. క్రిస్మస్‌కి కోసింది. మా గుడిసెలో మొదటిసారి కోడి తలనుంచి గోళ్ల దాకా మొత్తం మాదే. తొడల్ని ముక్కలు కొట్టలేదు. కాళ్లు రెండూ నిండుగా ఉంచి, ఎముక తగిలేదాకా కత్తితో గాట్లు పెట్టి, ఉప్పూ కారం ఆ గాట్లలోకి కూరింది. వండుతున్నంతసేపూ నేను పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. వడ్డించేటప్పుడు ఒక కాలు అయ్యకి వేసింది. రెండోది అన్నకి. తను మెడ తీసుకుంది. నాకు రెక్క. "నాకేదే?" అన్నాను. "ఆడపిల్లవి, నీకు తొడెందుకే?" అంది.

ఆసామి ఇంట్లో కాళ్లు లెక్కపెట్టారు. మా ఇంట్లోనూ లెక్కపెట్టారు. ఇది రాస్తే మనోళ్లకి కోపమొస్తది. రానియ్యండి. ఏప్రిల్ 14న పందిట్లో సమానత్వం మీద మూడు గంటలు మాట్లాడి దిగినోళ్ల విస్తట్లోకి లెగ్ పీసులు పోతయ్. తెల్లారుజాము నుంచి పొయ్యిల ముందు ఉడికిన ఆడోళ్లు చివర్న దేవుకుని అడుగు మాడు తింటారు. ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. వేదిక మీద నేను కూర్చున్న రోజు నా విస్తట్లో కూడా కాలే పడింది. తిన్నాను. లేచి వెళ్లి ఆ ఆడోళ్లకి ఇచ్చిరాలేదు.

మంచి ముక్క అనేది కోడిలో ఉండదు, పంచే చేతిలో ఉంటది. అమెరికాలో జనం రొమ్ముమాంసం, అదీ ఎముక తీసిందే ఎక్కువ ఇష్టపడతారు. కాళ్లు అక్కడ చవక. మిగిలిన కాళ్లని ఓడలకెత్తి బయటి దేశాలకి పంపుతారు. 1990లలో రష్యాలో దిగిన ఆ కాళ్లని అక్కడి జనం వాళ్ల అధ్యక్షుడి పేరు మీద 'బుష్ కాళ్లు' అన్నారు. మన దేశం బర్డ్ ఫ్లూ పేరు చెప్పి వాళ్ల కోడిమాంసాన్ని ఆపితే ప్రపంచ వాణిజ్య సంస్థకి ఎక్కి 2015లో గెలిచారు. ఇక్కడ మా అమ్మ చేత కుచ్చిళ్లు దులిపించిన కాలు అక్కడ మిగులు సరుకు!

ఇప్పుడు వంట చెప్తా. కొట్టుకి పోతే బోన్‌లెస్ ఇమ్మంటారా అని అడుగుతారు. వద్దనండి. ఎముకతో ఉన్న తొడలు నాలుగు తీసుకోండి. బ్రాయిలర్ అయినా సరే. రొమ్ము కండ పది నిమిషాలు ఎక్కువ ఉడికితే పీచయిపోద్ది. తొడ అట్టా కాదు. కోడి రోజంతా నడిచిన కండ అది, బిగువుంటది, కొవ్వుంటది, ఎంత సేపు సన్న సెగ మీద ఉంటే అంత మెత్తబడుద్ది. ఎముక దాకా మూడేసి గాట్లు పెట్టి ఉప్పు, పసుపు, కారం, అల్లంవెల్లుల్లి పట్టించి గంట పక్కన పెట్టండి. మందపాటి గిన్నెలో చర్మం వైపు కిందికి పెట్టి, ఎర్రబడేదాకా కదపకండి. దాని కొవ్వులోనే ఉల్లిపాయలు వేగనివ్వండి. తర్వాత గ్లాసుడు నీళ్లు, మూత, మూత మీద మా అమ్మ పోసినట్టు నీళ్లు. నలభై నిమిషాలు. మధ్యలో మూత తీసి తీసి చూడకండి. దించే ముందు వేయించి నూరిన ధనియాల పొడి, గసగసాలు. మాంసం ఎముక మీద నుంచి జారాలి, రాలిపోకూడదు. చివర్న ఎముక కొరికి మూలుగ పీల్చుకోండి. చప్పుడు రానియ్యండి. పెద్దింటోళ్ల ముందు అట్టా తింటే మర్యాద కాదని మనల్ని మనమే దిద్దుకున్నాం ఇన్నాళ్లూ.

ఇదే వంటని టీవీలో పట్టుచీర కట్టిన ఆమె కొత్తగా కనిపెట్టినట్టు చెప్తది, "ఎముకలోనే అసలు రుచి అండీ" అంటది. రోడ్డు మీద హోటళ్లకి పోతే 'రాజుగారి కోడి పులావు' అని బోర్డు. రాజుగారు ఎప్పుడైనా కోడిని కాల్చాడా? మాదిగోళ్ల కోడిపులుసు అని బోర్డు పెట్టి తిరువూరు బస్టాండు ఎదురుగా ఒక కొట్టు తెరిచి చూడండి, ఎన్ని పూటలు నడుస్తదో. 2016లో చంద్రభాన్ ప్రసాద్ 'దళిత్ ఫుడ్స్' అని పేరు పెట్టి మసాలాలు, పచ్చళ్లు అమ్మకానికి పెట్టాడు. మరాఠీలో షాహూ పటోలే మహర్, మాంగ్ ఇళ్ల వంటల మీద పుస్తకమే రాశాడు. మన తెలుగులో మన వంట చేసినోళ్ల పేర్లు ఏ వంటల పుస్తకంలో ఉన్నాయి?

ఆఖరికి మా వదిన సంగతి. తిరువూరు ఎస్సీలకి రిజర్వయిన నియోజకవర్గం. ఎమ్మెల్యే కుర్చీ రిజర్వయింది గానీ గరిటె కాలేదు. మన రాష్ట్రంలో 2003లో బళ్లలో మధ్యాహ్న భోజనం మొదలైంది. వంటమనుషుల్ని పెట్టుకునేటప్పుడు దళితులకి, ఎస్సీ ఎస్టీలకి ముందు అవకాశం ఇవ్వాలని 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాతి ఏడు పక్క ఊరి బళ్లో మా వదినకి ఆ పని వచ్చింది. మొదటి రోజు తొంభై మందికి వండితే యాభై మంది తిన్నారు. మిగతా పిల్లలు క్యారేజీలు తెచ్చుకున్నారు. అడిగితే ఎవరూ కులం పేరెత్తలేదు. "మా వాడికి కారం పడదండీ" అన్నారు. ఒకరిద్దరు "శుభ్రం ఉండదు" అన్నారు. వాళ్ల ఇళ్లలో దొడ్లు ఊడ్చి శుభ్రం చేసేది మా వదినే.

గుడ్డు పెట్టే రోజు ఏం జరుగుద్దో చూద్దామని ఒకసారి నేను కూడా వెళ్లాను. పప్పూ అన్నం వద్దన్న పిల్లలు గుడ్డు దగ్గరికి వచ్చేసరికి వరసలో నిలబడ్డారు. అదే పొయ్యి, అదే నీళ్లు, ఉడకబెట్టింది అదే చెయ్యి. వదిన ఒక్కో గుడ్డూ వలిచి పెడతానంటే ఒక పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుంది.

"వలవొద్దు ఆంటీ, పెంకుతోనే ఇయ్యి. మా నాయనమ్మ పెంకుంటే తినొచ్చంది."

వదిన పెంకుతోనే ఇచ్చింది.