కార్డు కొట్టేసిన చెయ్యి ఎవరిది?

రిక్షా తొక్కి బతికిన మనిషి పేరున కారుందని హైదరాబాద్‌లో కంప్యూటర్ తేల్చింది. ఆ ఇంటి రేషన్ కార్డు రద్దయింది. ఆయన పోయాక, ఎన్నడూ లేని కారు తమది కాదని రుజువు చేసుకునే భారం భార్య నెత్తిన పడింది.

ఇది ఒక్క ఇంటి గోడు కాదు. వాహనాలు, ఆస్తులు, కరెంటు కనెక్షన్ల వంటి రికార్డులన్నింటినీ కలిపి ఎవరికి ఏముందో చెప్పే ‘సమగ్ర వేదిక’ను తెలంగాణ ప్రభుత్వం తయారు చేయించింది. అది పేర్లను, చిరునామాలను పోల్చి చూస్తుంది. మన ఇంటిపేరు ఒక కార్డులో ముందుంటుంది, ఇంకోదాంట్లో వెనకుంటుంది, మరోదాంట్లో ఒట్టి పొడి అక్షరమవుతుంది. ఒకే పేరున్నవాళ్లు వీధికి నలుగురుంటారు. ఇలాంటి పోలికను నమ్మి మనిషి నోటికాడి బియ్యం లాగేసుకోవడం పాలన అనిపించుకోదు. 2016 నుంచి రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. కొట్టేయకముందు చేయాల్సిన పని అది.

బోగస్ కార్డులు లేవని ఎవరూ అనరు. వాటిని ఏరాలంటే గడప తొక్కి చూడాలి. కౌంటర్ దగ్గర ‘సిస్టమ్‌లో అలా చూపిస్తోందమ్మా’ అని చేతులు దులుపుకుంటే సరిపోదు.

ఇలాంటి యంత్రాలకు పగ్గాలు వేసే విషయంలో ఢిల్లీది మరో తీరు. 2018లో నీతి ఆయోగ్ కృత్రిమ మేధ వ్యూహం ప్రకటించింది. కృత్రిమ మేధను నియంత్రించే చట్టం తెచ్చే ఆలోచన లేదని 2023 ఏప్రిల్‌లో కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. అదే ఏడాది వచ్చిన డేటా రక్షణ చట్టం సర్కారుకు బోలెడన్ని మినహాయింపులిచ్చింది. 2025 నవంబరు మార్గదర్శకాలు కూడా ప్రత్యేక చట్టం ఇప్పట్లో అక్కర్లేదనే తేల్చాయి. ఇన్నేళ్లూ ఏలినవారి బెంగంతా కంపెనీల జోరు తగ్గకూడదనే. పౌరుల మీద సర్కారే యంత్రాన్ని ప్రయోగిస్తే అడిగేదెవరన్న ప్రశ్నను దాటేస్తూ వచ్చారు.

నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భృతి తీసుకునే వేలాది కుటుంబాలపై మోసగాళ్లన్న ముద్ర తప్పుగా పడితే 2021 జనవరిలో మంత్రివర్గమే రాజీనామా చేసింది. ఆస్ట్రేలియాలో కంప్యూటర్ లెక్కతో పేదల మీద లేని బాకీలు మోపినందుకు రాయల్ కమిషన్ వేసి విచారించారు. మన దగ్గర లక్షల కార్డులు పోయిన చోట బాధ్యుల పేర్లు తేల్చే విచారణ ఏది?

ఏ పథకం నుంచైనా పేరు తీసేసే ముందు తెలుగులో కారణం రాసిన నోటీసు ఇవ్వాలి. ఇంటికెళ్లి చూశాకే అధికారి తన పేరుతో సంతకం చేయాలి. పొరపాటని తేలితే ఆగిన బియ్యానికి పరిహారం చెల్లించాలి. ఎన్ని కార్డులు తప్పుగా పోయాయో ఏటా శాసనసభ ముందుంచాలి. ఇవి చట్టంలోకి ఎక్కేవరకూ ఒక్క కార్డునూ కంప్యూటర్ మాట మీద రద్దు చేయకూడదు.