డెస్పసిటో

డెస్పసిటో 2017 జనవరిలో విడుదలైన స్పానిష్ భాషా పాట. ఈ పదమునకు "మెల్లమెల్లగా" అని అర్థము. ప్వెర్టో రికో గాయకులైన లూయిస్ ఫోన్సీ, డాడీ యాంకీ దీనిని పాడినారు. రచనలో వారిద్దరితో పాటు పనామాకు చెందిన ఎరికా ఎండర్ కూడ పాలుపంచుకొన్నది. అదే సంవత్సరము ఏప్రిల్ 17న కెనడా గాయకుడు జస్టిన్ బీబర్ గొంతు కలిపిన రీమిక్సు వెలువడినది. ఆ తరువాత ఈ పాట అమెరికాలోని బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో 16 వారములు ప్రథమ స్థానమున నిలిచి, 1995-96లో "వన్ స్వీట్ డే" నెలకొల్పిన రికార్డును సమము చేసినది. ఈ విజయములో పాట పాలెంత, బీబర్ పాలెంత అన్నది ఇప్పటికీ చర్చనీయాంశమే.

రీమిక్సుకు ముందు

పాప్ బాణీకి రెగ్గేటన్ లయను జోడించిన ఈ పాట స్పెయిన్‌లోను, లాటిన్ అమెరికా దేశములలోను రీమిక్సు రాకమునుపే అగ్రస్థానమునకు చేరినది. హాట్ 100లో మాత్రము ఫిబ్రవరిలో 88వ స్థానమున ప్రవేశించి, 44ను దాటి పైకి పోలేకపోయినది. ఆ పట్టికను అమ్మకములు, ఇంటర్నెట్ శ్రవణములు, రేడియో ప్రసారములు కలిపి లెక్కిస్తారు. అమెరికాలో స్పానిష్ మాట్లాడేవారు కోట్లలో ఉన్నను, ఆంగ్ల పాప్ రేడియో కేంద్రములు ఆ భాషా గీతములను అరుదుగానే ప్రసారము చేసేవి.

రీమిక్సు ప్రభావము

కొలంబియాలోని ఒక క్లబ్బులో ఈ పాట విన్న బీబర్ తానే ముందుకు వచ్చి రీమిక్సులో పాల్గొన్నాడు. ఆరంభమున ఆంగ్ల చరణము పాడి, పల్లవిని స్పానిష్‌లోనే ఆలపించినాడు. (తరువాత న్యూయార్కులోని ఒక క్లబ్బులో ఆ పల్లవి మాటలు మరచి విమర్శలకు గురి అయినాడు.) పాట ఒక్కసారిగా 48 నుండి 9వ స్థానమునకు ఎగబాకి, మే నెలలో మొదటి స్థానము చేరినది. రెండు రూపముల లెక్కలు కలిపియే చూచుట దీనికి తోడ్పడినది. కనుక అమెరికా రేడియో తలుపులు తెరచినది బీబరేనని ఒప్పుకొనవలెను.

అయితే యూట్యూబ్ లెక్క వేరు. శాన్ హువాన్ నగరములోని లా పెర్లా వాడలో చిత్రించిన మూల వీడియోలో బీబర్ లేడు, ఆంగ్ల చరణమూ లేదు. 2017 ఆగస్టులో 300 కోట్ల వీక్షణములు దాటిన తొలి వీడియో అదియే. 2018 ఏప్రిల్‌లో 500 కోట్లు దాటి, 2020 నవంబరులో "బేబీ షార్క్" అధిగమించు వరకు ప్రథమ స్థానమున ఉన్నది. ప్రపంచము చూచినది స్పానిష్ పాటనే అన్నమాట.

పూర్వాపరములు

హాట్ 100లో మొదటి స్థానము పొందిన స్పానిష్ పాటలు అంతకుముందు బహు కొద్ది. 1987లో "లా బాంబా" ఆంగ్లము లేకుండగనే గెలిచినది గాని, దానిని పాడిన లాస్ లోబోస్ లాస్ ఏంజలెస్ బృందము, పాట హాలీవుడ్ చిత్రములోనిది. 1996లో "మకరేనా"ను పైకి లేపినది కూడ ఆంగ్ల చరణములు చేర్చిన రీమిక్సే. 2017 సెప్టెంబరులో "మీ హెంటే" పాటకు బియాన్సే గొంతు కలుపగా అది మూడవ స్థానము పొందినది.

16 వారముల రికార్డును 2019లో "ఓల్డ్ టౌన్ రోడ్" 19 వారములతో అధిగమించినది. దానికి కూడ ఊపునిచ్చినది బిల్లీ రే సైరస్ పాడిన రీమిక్సే. 2020 డిసెంబరులో ప్వెర్టో రికోకే చెందిన బాడ్ బన్నీ, పూర్తి స్పానిష్ ఆల్బముతో బిల్‌బోర్డ్ 200 పట్టికలో మొదటి స్థానము పొందినాడు.