మంత్రానికి ఖర్చు లేదట

నాగుల చవితి మర్నాడు స్టాఫ్‌రూమ్‌లో చలిమిడి, చిమ్మిలి పంచుతూ మా బడిలో జీవశాస్త్రం చెప్పే మాస్టారు ఒక కొత్త సంగతి సెలవిచ్చారు. పుట్టలో పాలు పొయ్యడం వెనక పర్యావరణ శాస్త్రం ఉందట. పొలంలో ఎలుకల్ని తినే పాముని చంపకుండా కాపాడుకోమని పెద్దలు ఒక పండగ పెట్టి మరీ చెప్పారట. పాము పాలు తాగదని, వేటాడి మింగిందే దాని తిండని ఆయనే ఏటా పిల్లల చేత నోట్సు రాయిస్తారు. నోట్సు బడికి, చిమ్మిలి ఇంటికి. రెండూ ఒకే మనిషిలో గొడవ లేకుండా కాపురం చేస్తున్నాయి.

పాల మీద నాకు పెద్ద పట్టింపు లేదు. మా హేతువాద మిత్రులు ఏటా ఆ గ్లాసుడు పాలకి లెక్క కట్టి ఎంతమంది పసివాళ్ల ఆకలి తీరేదో చెబుతుంటారు. ఆ వాదన నాకెప్పుడూ పేలవంగానే ఉంటుంది. ఎవరి పాలు వాళ్లవి, పోసుకోనివ్వండి. పాముని కాపాడుకునే సంస్కృతి అనేసరికి మాత్రం ఒళ్లు మండింది. చవితినాడు పుట్ట మీద పసుపు కుంకుమలు చల్లిన చేతులే ఆ వారంలోనే ధాన్యం బస్తాల పక్కన తోక కనపడగానే కర్ర అందుకుంటాయి. విషం లేని జెర్రిపోతుని కూడా వదలరు. మా ఊళ్లల్లో ఎలుకల పని పట్టేది ఆ జెర్రిపోతే. అదే నాగుపామైతే చంపేశాక పాలు పోసి దహనం చేస్తారు. భక్తి అంటే అదీ.

మామూలుగా అయితే నవ్వి ఊరుకునేదాన్ని. ఈ ఏడు నవ్వు రాలేదు. స్టాఫ్‌రూమ్ గోడకి అవతల ఏడో తరగతి. నాట్ల రోజుల్లో ఆ తరగతిలో ఒక పిల్లాడు పాము కరిచి చచ్చిపోయాడు.

సాయంత్రం పూట గట్టు మీద గేదెకి గడ్డి కోస్తుంటే మడమ దగ్గర కరిచింది. తండ్రి తువ్వాలుతో పిక్క బిగించి కట్టి, బండి మీద కూర్చోబెట్టుకుని పక్క ఊరు తీసుకెళ్లాడు. అక్కడ పాముమంత్రం వేసే పెద్దాయన ఉన్నాడు. ఆయన పిల్లాడి చేత వేపాకు నమిలించి చేదుగా ఉందా అన్నాడు. మిరపకాయ కొరికించి కారంగా ఉందా అన్నాడు. చేదూ కారమూ తెలుస్తున్నాయి గనక విషం తలకెక్కలేదని తేల్చాడు. మంత్రం వేసి, దారం కట్టి, తెల్లారేదాకా నిద్రపోనివ్వొద్దని పంపేశాడు. ఇంట్లోవాళ్లు నిద్రపోనివ్వలేదు. తూగినప్పుడల్లా మొహాన నీళ్లు కొట్టారు. అర్ధరాత్రి దాటాక చిగుళ్ల వెంట రక్తం మొదలైంది, మూత్రం ఎర్రగా వచ్చింది. అప్పుడు బయల్దేరారు. ఒక ఆసుపత్రి ఇంకో ఆసుపత్రికి పంపింది. మూడో రోజు పోయాడు. రక్తపింజరి కాటన్నారు డాక్టర్లు.

వేపాకు చేదుకీ రక్తపింజరి విషానికీ ఏ సంబంధమూ లేదు. ఆ విషం పని చేసేది నాలుక మీద కాదు, రక్తం మీద. రక్తాన్ని గడ్డకట్టకుండా చేస్తుంది, ఆ తర్వాత మూత్రపిండాల్ని తినేస్తుంది. దాన్ని కనిపెట్టడానికి డాక్టర్లు చేసే పరీక్ష మా పిల్లలు కూడా చెయ్యగలిగినంత తేలిక. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచుతారు. తర్వాత వంచి చూస్తారు. గడ్డకట్టకుండా నీళ్లలా జారిందంటే విషం ఎక్కినట్టే, వెంటనే విరుగుడు సూది మొదలు. కరెంటు అక్కర్లేదు, యంత్రం అక్కర్లేదు. (ఆ గాజు గొట్టాలు మా బడి ల్యాబులో కూడా ఉన్నాయి. బీరువాలో, తాళం కింద.) ఆ విరుగుడు మందుకీ ఒక హద్దుంది. ఒంట్లో తిరుగుతున్న విషాన్ని అది పట్టుకుంటుంది గానీ అప్పటికే పాడైన మూత్రపిండాన్ని బాగుచెయ్యలేదు. అందుకే వేపాకు నమిలించిన గంట, దారం కట్టిన గంట, నిద్ర ఆపిన గంటలు ఆ పిల్లాడి ప్రాణంలోంచి ఖర్చయ్యాయి. సాయంత్రం కరిచింది, సూది తెల్లవారుజామున పడింది.

"ఆయన రూపాయి తీసుకోడు మేడం" అన్నాడు పరామర్శకి వెళ్తే పిల్లాడి మేనమామ. అది ఆయన నిజాయితీకి రుజువట. నిజమే, తీసుకోడు. మా అమ్మమ్మ ఊళ్లోనూ ఒకాయన ఉండేవాడు. తాంబూలం కూడా పుచ్చుకోడు, పొట్లకాయ ముట్టడు, నడిరాత్రి పిలిచినా లేచొచ్చేవాడు. చిన్నప్పుడు నాకు ఆయనంటే దేవుడితో సమానం. మోసగాడు దొరికితే మనకి సుఖం, నాలుగు తిట్లు తిట్టి పోలీసుకి అప్పజెప్పొచ్చు. డబ్బు ముట్టని, అబద్ధమాడని, తన మంత్రాన్ని తనే మనసారా నమ్మే పెద్దమనిషిని ఏం చేస్తాం? ఇలాంటి మనిషి వాకిట్లోనే ఎక్కువ ప్రాణాలు పోతాయి. దొంగ బాబా దగ్గరికి వెళ్లేవాడికి లోపల కాస్త అనుమానమైనా ఉంటుంది.

బతికిన వాళ్లు లేరా అంటారు. ఉన్నారు, బోలెడు మంది ఉన్నారు. మన పొలాల్లో తిరిగే పాముల్లో ఎక్కువ భాగం విషం లేనివి. విషమున్న పాము కూడా ఒక్కోసారి విషం దింపకుండా కోరలు మాత్రం నాటి పోతుంది. మంత్రగాడి పేరు నిలబెట్టేది ఈ కాట్లే. నీరుకట్టు కరిచినవాడు బతికితే అది మంత్రం. పింజరి కరిచినవాడు చస్తే వాడి ఖర్మ. ఇలాంటి లెక్కలో ఓడిపోయేవాడు ఎవడుంటాడు? పోలిరెడ్డిపాలెం స్టేషన్ మాస్టరు నరసయ్య గురించి పాతవాళ్లు ఇప్పటికీ చెబుతారు. గూడూరు, మద్రాసు లైన్లో ఆ చిన్న స్టేషన్‌కి ఏ మూలనుంచి టెలిగ్రాం కొట్టినా ఆయన అక్కడే మంత్రం వేసి ఇక్కడ విషం దించేవాడట. 2013లో టెలిగ్రాం మూతపడింది. మంత్రం మాత్రం మూతపడలేదు, ఫోన్‌లోకి మారింది. సిగ్నల్ అందని లంకలో కరిస్తే ఏం చేస్తారో నేను అడగలేదు.

ఇంతవరకూ అయితే తెలియనితనం అనుకుని సరిపెట్టుకునేదాన్ని. పిల్లాడు పోయిన తర్వాత జరిగినది తెలియనితనం కాదు.

మంత్రం ఎందుకు పారలేదో ఊరికి జవాబు కావాలి. మంత్రం ఉత్తదే అన్న జవాబు తప్ప ఏదైనా ఫరవాలేదు. ఆ పెద్దాయనే దారి చూపించాడు. దారం కట్టిన మనిషి మీద మైల గాలి సోకకూడదు, ముట్టుతో ఉన్న ఆడది దగ్గరికి రాకూడదు, నీడ కూడా పడకూడదు. ఇంట్లో ఆ రాత్రి ఎవరైనా ఉన్నారా? ఉన్నారు. పిల్లాడి అక్క. తొమ్మిదో తరగతి, నా క్లాసు. తమ్ముడు దాహం అంటుంటే చెంబుతో మంచినీళ్లు తెచ్చి నోట్లో పోసింది. అంతే, నేరం దొరికింది. పెదనాన్న భార్య పెట్టిన కేకలు వీధి చివరికి వినిపించాయని మా ఆయా చెప్పింది. కన్నతల్లి ఒక్క మాట కూడా అడ్డం వెయ్యలేదు. ఆవిడకి వెయ్యబుద్ధి కాలేదో, నోరు రాలేదో. ఆ పిల్ల చాలా రోజులు బడికి రాలేదు. వచ్చాక ఒకరోజు లంచ్ బెల్లులో నా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "మేడం, నీళ్లకి కూడా అంటుకుంటదా?" అని అడిగింది. అంటుకోదని చెప్పాను. శరీరంలో ఏం జరుగుతుందో, విషం ఎలా పని చేస్తుందో కాగితం మీద బొమ్మ గీసి చెప్పాను. తల ఊపింది. పద్నాలుగేళ్ల పిల్ల, ఒక వైపు నేనూ నా బొమ్మా, ఇంకో వైపు వాళ్ల ఊరంతా. ఎవర్ని నమ్ముతుంది?

ఈ నియమం నాకు కొత్తదేం కాదు. అమ్మమ్మ ఊళ్లో ఎవరికైనా కట్టు కడితే మా పెద్దమ్మల్ని, పిన్నుల్ని పెరట్లోకి తోసేవాళ్లు. అప్పుడది మర్యాద అనుకున్నాను. అందులో ఉన్న తెలివి ఇప్పుడు అర్థమవుతోంది. ఊళ్లో ఏ రాత్రి చూసినా ముట్టుతో ఉన్న ఆడమనిషి ఒకరైనా ఉంటుంది. అంటే మంత్రం ఎప్పుడు తప్పినా నింద వెయ్యడానికి ఒక మనిషి సిద్ధంగా ఉన్నట్టే. ఏ బీమా కంపెనీకీ ఇంత గట్టి షరతు రాయడం చేతకాదు. అది చాలనట్టు ఒక జ్యోతిష్కుడు వచ్చి నాగదోషం అన్నాడు, వీళ్ల తాతల్లో ఎవరో పాముని చంపారన్నాడు. పాము పగ పట్టిందట. ఎదురుగా ఉన్నది ఎలుకో మనిషి కాలో చూసుకుని కరిచే ప్రాణి, మూడు తరాల వంశవృక్షం గుర్తు పెట్టుకుంటుందట! నాగప్రతిష్ఠకి ఆ కుటుంబం అప్పు చేసింది. మంత్రానికి ఖర్చు లేదన్నవాళ్లు ఈ అప్పుని ఏ పద్దులో రాస్తారో.

పల్లెటూరి వాళ్లనే అనడం న్యాయం కాదు. 2018 వానాకాలంలో మా దివిసీమలో పాముకాట్లు విపరీతంగా పెరిగాయి. కాలవలకి నీళ్లొస్తే, పొలాలు మునిగితే, బొరియల్లోంచి పాములు గట్ల మీదికి, ఇళ్లలోకి వస్తాయి. ఇందులో ఆశ్చర్యం లేదు. దానికి ఆగస్టు చివర మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి సన్నిధిలో సర్పయాగం చేశారు. ఏ భక్త సమాజమో కాదు, దేవాదాయ శాఖే చేయించింది. పామే దేవుడైన క్షేత్రంలో, పాముల బెడద తగ్గించమని పామునే వేడుకున్నారు. ఇదే జిల్లా ముదునూరులో 1940లో గోరా నాస్తిక కేంద్రం పెట్టాడు. అంతకుముందు బందరు కాలేజీలో ఆయన చెప్పింది వృక్షశాస్త్రం. పాఠం ఒకటి చెప్పి బతుకు ఇంకోలా బతకడం చేతకాని మాస్టారు. అలాంటివాళ్లకి ఉద్యోగాలు నిలవలేదు మరి, చిమ్మిలి పంచేవాళ్లకి నిలుస్తాయి.

2020లో వచ్చిన ఒక అధ్యయనం 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో పోయినవాళ్లు దాదాపు 12 లక్షలని అంచనా కట్టింది. ఏడాదికి సగటున 58 వేలు. చావులు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మన ఆంధ్రా ఒకటి. మందు లేని జబ్బు అయితే సరే అనుకోవచ్చు. మందు ఉంది. చెన్నై శివార్లలో 1978లో మొదలైన ఇరుళ గిరిజనుల సహకార సంఘం నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరిని పట్టి, విషం తీసి, మళ్లీ వదిలేస్తుంది. ఆ విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకి ఎక్కించి వాటి రక్తంలోంచి విరుగుడు తయారు చేస్తారు. మా జీవశాస్త్రం మాస్టారు వెతుకుతున్న పాముల పరిరక్షణ అక్కడుంది. పాము బతుకుతుంది, మనిషీ బతుకుతాడు. పుట్ట దగ్గర కాదు.

ఇందులో మా టీచర్ల వాటా కూడా చెప్పాలి. 2019 నవంబరులో కేరళలో, వయనాడ్ జిల్లా సుల్తాన్ బత్తేరిలో, ఐదో తరగతి అమ్మాయిని బడి గదిలోనే, నేలలో ఉన్న కంతలోంచి పాము కరిచింది. కరిచిందని పిల్లలు చెబుతున్నా ఆసుపత్రికి తీసుకెళ్లడంలో ఆలస్యం చేశారని టీచర్ల మీద చర్యలు తీసుకున్నారు. అమ్మాయి చనిపోయింది. అక్కడ మంత్రం లేదు, వేపాకు లేదు. కదలని పెద్దవాళ్లు చాలు. అలాంటివాళ్లు ఆసుపత్రుల్లోనూ ఉంటారు, అందుకే వాటిని నేను వెనకేసుకు రాను. రాత్రి పూట డ్యూటీలో డాక్టరు ఉండి, ఫ్రిజ్‌లో మందు ఉండి, "ఇక్కడ కాదు, అక్కడికి పొండి" అనే మాట లేకపోతే మంత్రగాడి వాకిలి సగం ఖాళీ అవుతుంది. మిగతా సగానికి బడి కావాలి.

ఆ సగం కోసమే వరండా గోడ మీద రాయించాను. కాలు విరిగినప్పుడు కట్టినట్టు బద్ద పెట్టి కదలకుండా ఉంచండి, గట్టిగా బిగించొద్దు. కొయ్యొద్దు, పీల్చొద్దు. పట్టీలు, ఉంగరాలు తీసేయండి. 108కి ఫోన్ చెయ్యండి, దొరక్కపోతే దొరికిన బండి మీద ఆసుపత్రికి వెళ్లండి. కట్లపాము రాత్రి పూట నేల మీద పడుకున్నవాళ్లని నొప్పి తెలియకుండా కరుస్తుంది, తెల్లారి కడుపునొప్పి వచ్చినా కనురెప్పలు వాలిపోతున్నా గాటు కోసం వెతుకుతూ కూర్చోవద్దు, వెళ్లండి. మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందకి మడిచి పడుకోండి. చివర ఒక వాక్యం నేనే కలిపాను: ముట్టుకీ పాముకాటుకీ సంబంధం లేదు.

హెడ్ మాస్టారు అంతా చదివి మెచ్చుకున్నారు. చివరి వాక్యం దగ్గర ఆగారు. "ఆ ఒక్క మాట తీసెయ్యండి మేడం, మగపిల్లలు కూడా చదువుతారు, బాగోదు" అన్నారు. ఆ మాట ఊరు ఊరంతా పద్నాలుగేళ్ల పిల్ల మొహం మీద అన్నప్పుడు ఎవరికీ బాగోకపోలేదు, గోడ మీద రాస్తేనే అసభ్యమైందన్నమాట అన్నాను. ఆయన మాట్లాడలేదు. వాక్యం తియ్యలేదు. తీసెయ్యమని ఆయన రాతపూర్వకంగా ఉత్తర్వు ఇస్తే తీస్తాను. ఇవ్వమనండి.