గొడ్ల చావిడిలో గుడ్లగూబ

గుడివాడ పరిసరాలలోగాని, బందరు, దివిసీమల వైపుగాని పాడి గేదెలున్న ప్రతి ఇంటి చావిడీ పక్షులకు కూడా ఆశ్రయమే. మేతకు పోయే గేదెల కాళ్ల వెంట తెల్ల కొంగలు నడచి, గడ్డిలోంచి లేచే పురుగులను ఏరుకుంటాయి. పసులపోలిగాడు గేదె వీపుమీద కూర్చుని ఎగిరే కీటకాలను పట్టుకుంటుంది. గోరువంకలు పేడకుప్పలను కెలుకుతాయి. పిచ్చుకలు దాణా తొట్టి వద్ద రాలిన నూకలతో కడుపు నింపుకుంటాయి. వీటిని చూచి ఎవరూ భయపడరు. రాళ్ల దెబ్బలు తినేది చీకటి పడ్డాక చూరుమీద వాలే గుడ్లగూబ.

అది అరిస్తే ఆ ఇంట చావు తప్పదనే భయం మన ముస్లిం కుటుంబాలలో సైతం ఉన్నది. ఇస్లాంకు పూర్వపు అరబ్బులదీ ఇదే భ్రమ. హతుని ఆత్మ గుడ్లగూబ రూపంలో ప్రతీకారం కోరుతూ అరుస్తుందని వారు నమ్మేవారు. దానినే ‘హామా’ అన్నారు. దైవప్రవక్త (సఅసం) అపశకునాలతోపాటు ‘హామా’ను సైతం పేరుపెట్టి త్రోసిపుచ్చారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది. మరణ ఘడియను నిర్ణయించేది అల్లాహ్ మాత్రమే. ఆ అధికారాన్ని ఒక పక్షి అరుపుకు కట్టబెట్టడం మన తౌహీద్‌కే లోపం.

ఇక ఆ పక్షి మనకు చేసే మేలు చూడండి. పొలం గట్లలో బొరియలు చేసి వరి వెన్నులను కొరికే ఎలుకలు, గడ్డివాములో, దాణా బస్తాలలో చేరే ఎలుకలు దాని ఆహారం. ఎలుకను అమాంతం మింగి, అరగని ఎముకలను, వెంట్రుకలను ఉండగా బయటికి కక్కుతుంది. చూరు కింద అటువంటి ఉండ దొరికితే పుల్లతో విప్పి పిల్లలకు చూపండి. మలేషియాలో ఆయిల్‌పామ్ తోటల వారు ఎలుకల బెడద తగ్గించుకొనేందుకు గుడ్లగూబలకు గూటిపెట్టెలు ఏర్పాటు చేస్తారు.

చావిడిలో ఎలుకల మందు పెట్టేవారు ఒక సంగతి గమనించాలి. మందు తిన్న ఎలుకను తింటే గుడ్లగూబకూ విషం సోకుతుంది. పశువులకిచ్చిన డైక్లోఫినాక్, వాటి కళేబరాలను తిన్న రాబందులను అసంఖ్యాకంగా బలిగొన్నది. మన ప్రభుత్వం 2006లో పశువైద్యంలో దానిని నిషేధించేసరికి జరగవలసిన నష్టం జరిగిపోయింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం గుడ్లగూబను చంపడం నేరం కూడా.

పక్షులు సైతం మనవలె సముదాయాలేనని దివ్య ఖుర్ఆన్ అల్ అన్ఆమ్ సూరా 38వ ఆయతులో తెలుపుతున్నది. తల్లులారా! ఈ రాత్రి చూరుమీద గుడ్లగూబ అరిస్తే, బెదిరిన బిడ్డను దగ్గరకు తీసుకుని, అది అల్లాహ్ సృష్టి అని, మన ధాన్యానికి కాపలా కాస్తున్నదని చెప్పండి. ఆ ఒక్క మాట బిడ్డ విశ్వాసాన్నీ, పక్షి ప్రాణాన్నీ కాపాడుతుంది.